మధ్యలో బిగుసుకున్న స్విచ్చి

గిటార్ రిపేరు నేర్పమని ఈమధ్య నా దగ్గరికి అప్పుడప్పుడూ కుర్రకారు వస్తున్నారు. వచ్చేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన వైరింగ్ బొమ్మలు పట్టుకొస్తారు. బొమ్మలు బాగానే ఉంటాయి, తప్పులుండవు. వాటిలో లేనిదల్లా ఆ గిటార్ తెచ్చిన మనిషి. సీతాఫల్‌మండిలో ముప్పై ఏళ్ళు స్టూలు మీద కూర్చుని నేను చేసిన పనిలో సగం ఆ మనిషిని అర్థం చేసుకోవడమే.

దుకాణం ఎలా పెట్టాను, బోర్డుకు ఎన్నిసార్లు రంగు వేయించాను లాంటివి మీకు పనికిరావు, వదిలేస్తున్నాను. నాకు పని నేర్పిన ఒక గురువు గురించి, నేను చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి చెబుతాను. రెంటికీ సంబంధం ఉంది.

చాయ్ అయ్యేదాకా

మాది తెనాలి వైపు. నాన్నకు రైల్వే ఉద్యోగం కావడంతో మెట్టుగూడలో పెరిగాను. ఐటీఐ అయ్యాక అక్కడే ఖాదర్ సాబ్ రేడియో షాపులో చేరాను. ఆయన మనిషి బక్కపలచన, మాట నెమ్మది, చాయ్ మాత్రం విపరీతం. ఆయన దుకాణంలో ఒకటే నియమం. గిరాకీ వస్తే ముందు చాయ్ చెప్పాలి. ఆ చాయ్ అయ్యేదాకా ఎవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు. ఆ కాసేపూ వచ్చినాయన మాట్లాడతాడు, మనం వినాలి.

నాకు అది శుద్ధ దండగలా ఉండేది. చేతిలో పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉంది, వయసులో ఉన్నాను. ఒకరోజు ఖాదర్ సాబ్ నమాజుకు వెళ్ళినప్పుడు రైల్వే గార్డు ఒకాయన రేడియో తెచ్చాడు. ఇంట్లో పెడితే గర్రుమంటోందన్నాడు. చాయ్ గీయ్ లేకుండా మూత విప్పేశాను. నాలుగు చోట్ల కొత్తగా టంకం పెట్టి, మోగించి చూపించాను. గంటలా పలికింది. రెండో రోజు ఆయన మళ్ళీ వచ్చాడు, రేడియో మళ్ళీ గర్రుమంటోందట.

ఈసారి ఖాదర్ సాబ్ ఉన్నాడు. చాయ్ తెప్పించి, తాపీగా అడిగాడు. "ఇంట్ల రేడియో ఏడ పెడ్తరు సాబ్?"

"షెల్ఫు మీద. ఫ్యాను రెగ్యులేటర్ పక్కన."

"జెర ఇవతలి గోడకు పెట్టి చూడుండ్రి. గప్పుడు సుత తక్లీఫ్ ఉంటే పట్కరాండ్రి."

ఆయన మళ్ళీ రాలేదు. నేను పెట్టిన నాలుగు టంకాలూ అనవసరమే. ఖాదర్ సాబ్ నన్నేమీ తిట్టలేదు. "విస్సూ, నీ చేతులు మంచిగున్నయ్. చెవులకు సుత జెర పని చెప్పు" అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు చిరాకు తెప్పించింది. తర్వాత ముప్పై ఏళ్ళు అదే తిండి పెట్టింది.

సికింద్రాబాద్‌లో చర్చిలకూ బ్యాండ్లకూ కొదవ లేదు. గిటార్లు చూసేవాళ్ళు వేరే లేక, అవి రేడియో షాపులకే వచ్చేవి. అలా ఎలక్ట్రిక్ గిటార్ల మీద నా చెయ్యి పడింది. ఖాదర్ సాబ్ దుకాణం మూసేశాక సీతాఫల్‌మండిలో నేను సొంతంగా పెట్టుకున్నాను. చాయ్ నియమం కూడా వెంట తెచ్చుకున్నాను, చాలా వరకు పాటించాను. పాటించని ఒకసారి గురించే ఈ రాతంతా.

బ్యాటరీ తినే గిటార్లు

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద పికప్ అని ఒకటి ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన గిటార్ తీగ కదిలితే ఆ చుట్లలో కాస్తంత కరెంటు పుడుతుంది, అదే శబ్దమవుతుంది. దీన్ని పాసివ్ అంటారు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, కానీ గొంతు బలహీనం. ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటర్ ఏది పక్కనున్నా గుర్రుమంటుంది.

యాక్టివ్ పికప్ తర్వాత వచ్చింది. చుట్లు తక్కువ, లోపలే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. శబ్దం శుభ్రంగా, బలంగా ఉంటుంది. గిటార్‌కు ప్రత్యేకంగా ఆన్ స్విచ్చి ఉండదు. గిటార్‌లోకి కార్డు, అంటే ఆంప్లిఫయర్‌కు కలిపే వైరు, గుచ్చితే బ్యాటరీ మొదలవుతుంది, పీకితే ఆగుతుంది.

తొంభైల్లో బోయిన్‌పల్లి నుంచి పెళ్ళి బ్యాండులో వాయించే యాదగిరి ఇలాంటిదే ఒకటి తెచ్చాడు. "ఏందీ అన్నా ఇది, రెండు దినాలకే బ్యాటరీ సచ్చిపోతుంది. పరేషాన్ అయితున్న" అన్నాడు. చాయ్ చెప్పి, కాస్త వాయించమన్నాను. వాయించాడు. అయ్యాక కార్డును ఆంప్లిఫయర్ వైపు పీకి, గిటార్ మెడకు చుట్టి, పక్కన పెట్టి, చాయ్ అందుకున్నాడు. రెండో కొస గిటార్‌లోనే ఉంది.

"ఆ కొస పీకవా?" అన్నాను.

"ఎందుకన్నా, మల్ల పెట్టేదే గద?"

ఆ రోజు నా రిపేరు అంతే. చాయ్ చల్లారకముందే అయిపోయింది.

యాక్టివ్ గొప్పదా పాసివ్ గొప్పదా అని కుర్రాళ్ళు నా దుకాణం ముందే కొట్టుకునేవాళ్ళు. నాకైతే ఆ గొడవ ఇడ్లీ గొప్పదా దోసె గొప్పదా అన్నట్టుంటుంది. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, రెండూ ఒకే గిటార్‌లో కావాలని ఎవరైనా అడిగినప్పుడు.

పాలవాడు చెడగొట్టిన లెక్క

అలా అడిగింది ప్రమీల. బ్యాంకులో పనిచేసేది, ఆదివారం చర్చిలో గిటార్ వాయించేది. ఆ గిటార్ వాళ్ళ నాన్న స్టీఫెన్ మాస్టారిది. ఆయన లెక్కల టీచరు. అంతకు ముందు ఏడాది పోయారు. ప్రమీలతో పాటు వాళ్ళమ్మ రూతమ్మ గారూ వచ్చారు. గుంటూరు మనిషి, రిటైరైన తెలుగు టీచరు. కుర్చీ వేస్తే ముందు దాన్ని చీర కొంగుతో దులిపి కూర్చున్నారు.

సమస్య ఇది. చర్చిలో కొత్త సౌండు సిస్టం పెట్టారు. అప్పటినుంచీ ప్రార్థన జరుగుతుంటే ఈ గిటార్ వెనక గుర్రుమంటోంది. పాస్టరు గారు రెండుసార్లు మర్యాదగా చెప్పారు. యాక్టివ్ పికప్ పెడితే పోతుందని ప్రమీల ఒకటి తెప్పించుకుంది. గిటార్‌లో రెండు పికప్‌లున్నాయి. తీగలు కింద ఆనుకునే బ్రిడ్జి దగ్గరది కంపెనీది, అది ఎప్పుడో చెడింది. మెడ దగ్గరది స్టీఫెన్ మాస్టారు ఇంట్లో సొంతంగా చుట్టింది.

"అంకుల్, ఇంతకుముందు చూపించినవాళ్ళు రెండూ తీసేసి రెండూ యాక్టివ్ పెట్టమన్నారు. పాతదీ కొత్తదీ కలవవట" అంది ప్రమీల.

రూతమ్మ గారు నా వైపు తిరిగారు. "తమ్ముడూ, అది ఆరువేల చుట్లు. కుట్టుమిషను నేను తొక్కాను, తీగ ఆయన పట్టుకున్నారు. పైకి లెక్కపెట్టింది నేను. నాలుగువేలు దాటాక పాలవాడొచ్చి తలుపు కొట్టాడు, లెక్క పోయింది. లెక్కల మాస్టారు కదా, ఉజ్జాయింపుకు ఒప్పుకుంటారా? మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టారు. ఆ పాలవాడి మీద ఆయనకు చివరిదాకా కోపమే."

ముగ్గురం నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వు ఆపి అన్నారు. "రెండు వారాల్లో ఆయన జ్ఞాపకార్థ ఆరాధన ఉంది. ఆ రోజు అది వినబడాలి. అది తీసేసేటట్టయితే గిటారు ఇలాగే ఇంటికి తీసుకుపోతాను."

"రెండూ ఉంటాయమ్మా, నాది పూచీ" అన్నాను. వాళ్ళు తొందరలో ఉన్నారు. నేనూ చాయ్ చెప్పలేదు. ఇంతకుముందు చూసినవాళ్ళు కాదన్న పని నేను చేసి చూపిస్తానన్న హుషారు కూడా ఉంది.

ఆయన రాలేదు

చిక్కు ఎక్కడుందో నాకు తెలుసు. వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగాన్ని మేం పాట్ అంటాం. పాసివ్‌కు పెద్ద విలువ పాట్ కావాలి, లేకపోతే దుప్పటి కప్పినట్టు మూలుగుతుంది. యాక్టివ్‌కు చిన్నది కావాలి, లేకపోతే నాబ్ తిప్పినా చాలాసేపు ఏమీ తగ్గదు, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి చెడిన పికప్ చోట కొత్తది బిగించి, దేనిది దానికే వేరే వాల్యూమ్ పెట్టాను. గుర్రు తగ్గడానికి లోపలంతా రాగి రేకు అంటించాను. బ్యాటరీకి గూడు తొలిచాను.

పికప్‌లు మార్చే స్విచ్చి ఒకటుంది. పైకి పెడితే మెడ దగ్గరిది, కిందికి పెడితే బ్రిడ్జి దగ్గరిది, మధ్యలో పెడితే రెండూ పలుకుతాయి. అది మధ్యలో తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. పట్టకారుతో కదిపినా కదల్లేదు. పీకి పారేసి కొత్తది వేశాను. పైన పెట్టి వాయించాను, మాస్టారి పికప్ తియ్యగా పలికింది. కింద పెట్టి వాయించాను, కొత్తది ఖంగుమంది. గిటార్ తుడిచి, మురిసిపోయి, అప్పజెప్పాను.

జ్ఞాపకార్థ ఆరాధన ఆదివారం జరిగింది. సోమవారం పొద్దున్నే రూతమ్మ గారు దుకాణం మెట్లెక్కారు. వెనక ప్రమీల గిటార్‌తో ఉంది, మొహమాటంగా చూస్తోంది.

"తమ్ముడూ, నిన్న ఆయన రాలేదు" అన్నారు రూతమ్మ గారు.

ప్రమీల మెల్లగా అంది. "అమ్మకి నాన్న పికప్ వినబడలేదట అంకుల్. సౌండ్ మాత్రం చాలా క్లీన్‌గా ఉంది. అందరూ బాగుందన్నారు."

దాచకుండా చెబుతాను. ఆవిడ వయసు, ఆవిడ దిగులు అని నేను లోపల అనుకున్నాను. స్విచ్చి పైన పెట్టి నేనే వాయించి చూపించాను. "ఇదిగో అమ్మా, మాస్టారు ఉన్నారుగా."

ఆవిడ శ్రద్ధగా విన్నారు. "ఇక్కడ ఉన్నారు. నిన్న లేరు" అన్నారు. "ఏడాదిగా ఆ రోజు కోసం చూశాను."

నాకు సిగ్గేసింది. అప్పుడు చెప్పాను చాయ్. రెండు వారాల ముందు చెప్పాల్సిన చాయ్ అది. ప్రమీలను చర్చిలో ఎలా వాయించిందో అలాగే వాయించమన్నాను. ఆ అమ్మాయి గిటార్ తీసుకుని, చూడకుండానే స్విచ్చిని మధ్యకు తోసి, వాయించడం మొదలుపెట్టింది.

"మధ్యలో ఎందుకమ్మా?"

"నాన్న ఎప్పుడూ అక్కడే ఉంచేవారు అంకుల్. ముట్టుకోనిచ్చేవారు కాదు. అందుకే కదా అలా బిగుసుకుపోయింది. నాకు వేరేలా వాయించడం అలవాటే లేదు."

బిగుసుకుపోయిన ఆ స్విచ్చి నాతో అదే చెప్పింది. ఏళ్ళ తరబడి నన్నెవరూ కదపలేదు, ఈ ఇంట్లో గిటార్ మధ్యలోనే పలుకుతుంది అని. నేను దాన్ని లోపం అనుకుని చెత్తబుట్టలో వేశాను. పైనా కిందా పరీక్షించాను గానీ మధ్యలో ఒక్కసారి కూడా వాయించలేదు.

పికప్ బతికుందో లేదో చూడటానికి మేం దాని నెత్తిన స్క్రూడ్రైవర్‌తో చిన్నగా కొడతాం. బతికుంటే స్పీకర్లో ఠక్ మంటుంది. స్విచ్చి మధ్యలో ఉంచి ప్రమీల తెచ్చిన పికప్ మీద కొట్టాను, ఠక్. మాస్టారి పికప్ మీద కొట్టాను. దాదాపు ఏమీ లేదు.

వీధి కుళాయి సన్న ధార పక్కనే పెద్ద తూము తెరిచి ఉంటే నీళ్ళు బిందెలోకి రావు, తూములోకే పోతాయి. యాక్టివ్ పికప్ ఆ తూము లాంటిది. రెంటినీ నేరుగా కలిపితే పాసివ్ శబ్దమంతా అందులోకే పోతుంది. వేరే వేరే వాల్యూములు పెట్టినంత మాత్రాన ఇది ఆగదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఒక్కసారి మధ్యలో వాయించి ఉంటే ఆ నిమిషంలోనే పట్టుకునేవాణ్ణి.

"తప్పు నాదేనమ్మా. మీ చెవులదీ కాదు, ప్రమీలదీ కాదు. ఆ రోజును తిరిగి తేలేను. గిటార్ని మాత్రం సరిచేస్తాను" అన్నాను.

రూతమ్మ గారు చాయ్ కప్పు కింద పెట్టారు. "తప్పయితే విప్పి మళ్ళీ చుట్టుకోవడమే తమ్ముడూ. మా ఇంట్లో అలవాటే" అన్నారు.

జలుబు తగ్గిన మనిషి

మందు సులువే. పాసివ్‌కు కూడా ఒక ట్రాన్సిస్టరుతో చిన్న సర్క్యూట్ తోడు పెట్టాలి. దాన్ని బఫర్ అంటారు. అది శబ్దాన్ని పెంచదు, దానికి నిలబడే బలం ఇస్తుంది. ఆ తర్వాత రెండూ సమఉజ్జీలు. చిన్న విలువ పాట్‌లు రెంటికీ సరిపోతాయి. ఒకటి ఇంకొకదాన్ని లాగకుండా చెరో రెసిస్టరు పెట్టి కలిపేయొచ్చు. నాలుగు రోజుల్లో చేశాను. మధ్యలో పెట్టి కొట్టాను. ఠక్, ఠక్. రెండూ పలికాయి.

తల్లీకూతుళ్ళను పిలిచాను. ఈసారి ముందు చాయ్. ప్రమీల వాయించింది. రూతమ్మ గారు కళ్ళు మూసుకున్నారు.

"వచ్చారు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నొసలు చిట్లించారు. "కానీ గొంతు మారింది. జలుబు తగ్గిన మనిషిలా ఉన్నారు. ఆయనది ఎప్పుడూ కాస్త ముక్కు దిబ్బడ గొంతు."

నిజానికి శబ్దం ముందుకన్నా స్ఫుటంగా ఉంది. ఇంకెవరైనా అయితే మెచ్చుకునేవాళ్ళు. కానీ వారం క్రితం ఆవిడ చెవిని అనుమానించి దెబ్బతిన్నవాణ్ణి, మళ్ళీ ఆ సాహసం చేయలేదు. ఖాదర్ సాబ్ అడిగిన ప్రశ్నే అడిగాను. "మాస్టారు చర్చిలో ఎక్కడ కూర్చునేవారమ్మా?"

"అందరికీ వెనక, స్తంభం చాటున. ఎవరైనా చూస్తుంటే ఆయనకు చేతులు ఆడవు. ఆంప్లిఫయరేమో ముందుండేది."

"మరి కార్డు?"

"ఇంత పొడుగు" అని ఆవిడ దుకాణం గుమ్మం నుంచి రోడ్డు అవతలి టైలరు షాపు దాకా చెయ్యి చూపించారు.

అప్పుడు వెలిగింది. పొడుగు కార్డు పాసివ్ పికప్ గొంతులోని పదునును తినేస్తుంది. మాస్టారి ముక్కు దిబ్బడకు కారణం సగం పికప్, సగం ఆ కార్డు. ప్రమీల ముందు కూర్చుంటుంది, ఆ అమ్మాయిది పొట్టి కార్డు. దానికితోడు నా బఫర్ వచ్చాక కార్డు ప్రభావం పికప్ దాకా వెళ్ళనే వెళ్ళదు.

"అది ఉందా అమ్మా ఇంకా?"

తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకున్నారు. ప్రమీల నవ్వాపుకోలేకపోయింది. "వరండాలో ఉంది అంకుల్. దాని మీద బట్టలారేస్తున్నాం."

మర్నాడు దాన్ని విప్పి, చుట్టచుట్టి తెచ్చారు. ఇంకా సబ్బు వాసన వేస్తోంది. మీటరుతో కొలిచాను. ఆ కార్డంతా కలిసి ఎంత పదును తింటుందో, అంతే తినే చిన్న కెపాసిటర్ ఒకటి వెతికి, బఫర్‌కు ముందు మాస్టారి పికప్ పక్కన అతికించాను. కార్డు వాళ్ళది వాళ్ళకిచ్చేశాను, బట్టలకు అవసరం కదా.

ప్రమీల మధ్యలో పెట్టి వాయించింది. రూతమ్మ గారి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"ఇద్దరూ ఉన్నారు" అన్నారు చివరికి. "తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించినట్టుంది."

గుర్రు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. రాగి రేకుతో సగానికి తగ్గింది. ప్రార్థన వేళ ప్రమీల స్విచ్చి కిందికి దించుతుంది, అప్పుడు చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పాట మొదలైతే మళ్ళీ మధ్యకు తెస్తుంది. పాస్టరు గారికి ఫిర్యాదు లేదు.

పీకేది ఎవరు

గిటార్ ఇచ్చేముందు బ్యాటరీ సంగతి చెప్పాను. ఇప్పుడు మాస్టారి పికప్ కూడా దానిమీదే ఆధారపడుతుంది. వాయించడం అయ్యాక గిటార్ వైపు కార్డు పీకాలి, మర్చిపోతే వారం తిరిగేసరికి ఇద్దరికీ గొంతు ఉండదు.

"చూశావా తమ్ముడూ" అన్నారు రూతమ్మ గారు, ఎంతో సంతోషంగా. "ఆయన బతికున్నన్నాళ్ళూ బీపీ మాత్ర నేనే గుర్తుచేశాను. ఇప్పుడు ఇదొకటి పెట్టారు నా నెత్తిన."

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. వైరింగ్ బొమ్మ చూడండి, మంచిదే. దానికంటే ముందు గిటార్ తెచ్చినవాళ్ళనే వాయించమనండి. వాళ్ళ చెయ్యి ఏ స్విచ్చి మీదికి వెళ్తోందో చూడండి. అరిగిందీ బిగిసిందీ కనిపిస్తే మార్చేముందు అడగండి. తేడాగా ఉందని ఎవరైనా అంటే, వాళ్ళ చెవిని తర్వాత అనుమానించవచ్చు, ముందు మీ పనిని అనుమానించండి. నేను ఈ వరస తలకిందులు చేసి ఒక ఇల్లాలికి ఏడాదిపాటు ఎదురుచూసిన రోజును పోగొట్టాను. ఆవిడ నన్ను క్షమించారు గానీ, నాకు ఆ సోమవారం ఇంకా గుర్తే.

పని మానేసి దుకాణం పూర్తిగా మూసేసిన తర్వాతి ఆదివారం ప్రమీల పిలిస్తే వాళ్ళ చర్చికి వెళ్ళాను. వెనక, స్తంభం పక్కన కూర్చున్నాను. పాట బాగుంది, ఇద్దరూ వినబడ్డారు. ఆరాధన ముగిశాక జనం బయటికి వెళ్ళి చెట్టు కింద కబుర్లలో పడ్డారు. ప్రమీల మాత్రం గిటార్ భుజానికి అలాగే ఉంచుకుని నిలబడి ఉంది. ఎవరికోసమా అని చూశాను. రూతమ్మ గారు ముందు వరస నుంచి లేచారు. మోకాళ్ళ నొప్పులు, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నారు. వేదిక దాకా వెళ్ళి, కొంగుతో గిటార్ని ఒకసారి దులిపి, కార్డు పట్టుకుని పీకారు.

"ఇంక రెస్టు తీసుకోండి" అన్నారు, గిటార్‌తోనే.

ప్రమీల గిటార్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. స్విచ్చి మధ్యలోనే ఉంది.